రాని నాలుగో చట్టం: ఉన్నత పాఠశాలలో వ్యవసాయ విద్య – అమెరికా నమూనా, ఆంధ్ర అనుభవం

ఉపోద్ఘాతం

1964 జూన్ 12న రాజేంద్రనగర్ కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. మరుసటి సంవత్సరం మార్చి 20న అప్పటి ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి దానిని లాంఛనంగా ప్రారంభించారు. 1945లో మొదలైన బాపట్ల వ్యవసాయ కళాశాల, 1946లో మొదలైన హైదరాబాదు వ్యవసాయ కళాశాల దాని నీడలోకి వచ్చాయి. ఈ విశ్వవిద్యాలయ నిర్మాణంలో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయం భాగస్వామి. పంతనగర్‌కు ఇల్లినాయ్, లూధియానాకు ఒహాయో అండగా నిలిచినట్లే ఆంధ్రకు కాన్సాస్ నిలిచింది. ఆచార్యులు అక్కడినుండి ఇక్కడికి వచ్చారు, ఇక్కడివారు అక్కడికి ఉన్నత విద్యకు వెళ్లారు. బోధన, పరిశోధన, విస్తరణ ఒకే గొడుగు కింద ఉండాలన్న సూత్రం ఆ విధంగా తెలుగు నేలకు చేరింది.

ఈ సూత్రాన్ని అమెరికాలో నిలబెట్టినవి చట్టాలు. 1862 నాటి మోరిల్ చట్టం కళాశాలలను ఇచ్చింది. కాంగ్రెసులోని ఒక్కొక్క సభ్యునికి 30,000 ఎకరాల చొప్పున ప్రభుత్వ భూమిని రాష్ట్రాలకు కేటాయించి, దానిపై వచ్చిన ధనంతో వ్యవసాయ, యాంత్రిక విద్యలు నేర్పే కళాశాలలు పెట్టించింది. ఆ కారణంగానే వాటికి 'లాండ్‌గ్రాంట్' అన్న పేరు వచ్చింది. (పోచంపల్లి తరువాత తెలుగులో 'భూదానం' అన్న మాటకు వేరే అర్థం స్థిరపడినందున ఆ పేరును అనువదించకపోవడమే మేలు.) 1887 నాటి హాచ్ చట్టం ప్రయోగ క్షేత్రాలను, 1914 నాటి స్మిత్-లీవర్ చట్టం విస్తరణ సేవను ఇచ్చాయి. సాధారణంగా మన వ్యవసాయ విద్యా చరిత్రలు ఇక్కడితో ఆగిపోతాయి. అయితే ఈ వరుసలో నాలుగోది ఒకటి ఉన్నది. 1917 ఫిబ్రవరి 23న అధ్యక్షుడు వుడ్రో విల్సన్ సంతకం చేసిన స్మిత్-హ్యూస్ చట్టం వ్యవసాయాన్ని పల్లెటూరి ఉన్నత పాఠశాలలోకి తెచ్చింది. మొదటి మూడు చట్టాల సారం ఆంధ్రకు వచ్చింది, నాలుగోది రాలేదు. అది ఎందుకు రాలేదు, వచ్చి ఉంటే ఎవరికి వచ్చి ఉండేది అన్న రెండు ప్రశ్నలే ఈ వ్యాస విషయం.

1917కు ముందు

రైతు బిడ్డకు కళాశాల అందదన్న సంగతి అమెరికాలో త్వరగానే తెలిసివచ్చింది. కళాశాలకు వెళ్లినవాడు ఎక్కువగా పొలానికి తిరిగి రాలేదు, వెళ్లలేనివాడికి చట్టం ఇచ్చింది ఏమీ లేదు. ఈ వెలితిని పూరించడానికి రాష్ట్రాలు తలొక దారి పట్టాయి. అలబామా 1889 నుండి కాంగ్రెసు నియోజకవర్గాల వారీగా వ్యవసాయ పాఠశాలలను పెట్టింది. 1906లో జార్జియా అదే దారిలో నడిచింది. విస్కాన్సిన్ కౌంటీ స్థాయి పాఠశాలలను ప్రయత్నించింది. ఇవన్నీ ప్రత్యేక పాఠశాలలు. తమ సొంత పొలం, తమ పశువులు, కొన్నిచోట్ల వసతి గృహం కలిగినవి.

ఈ ప్రయత్నాలలో అన్నిటికంటె ఆలోచింపజేసేది మసాచుసెట్స్‌లోని నార్తాంప్టన్‌లో జరిగింది. అక్కడ 1908లో తెరిచిన స్మిత్ వ్యవసాయ పాఠశాలకు తొలి సంచాలకుడు రూఫస్ స్టిమ్సన్. ఆయన చదివినది హార్వర్డ్‌లో తత్త్వశాస్త్రం, యేల్‌లో మతశాస్త్రం. కనెక్టికట్ వ్యవసాయ కళాశాలకు అధ్యక్షునిగా పని చేసినా సేద్య శాస్త్రజ్ఞుడు కాదు. బహుశా అందువల్లనే పాఠశాల పొలం మీద ఆయనకు భ్రమలు లేవు. పాఠశాల పొలంలో విద్యార్థి కూలివాని వలె పని చేస్తాడు. ఏ పంట వేయాలో నిర్ణయించేది వేరొకరు, నష్టం వస్తే భరించేది వేరొకరు. నిర్ణయమూ నష్టమూ తనవి కాని చోట సేద్యం నేర్చుకోవడం కుదరదని స్టిమ్సన్ వాదన. అందుచేత ఆయన ఆచరణను విద్యార్థి ఇంటికి మార్చాడు. తండ్రి పొలంలో ఒక చెక్కనో, పాడిలో కొన్ని పశువులనో, ఒక కోళ్ల గుంపునో విద్యార్థి తన బాధ్యతగా తీసుకోవాలి. తండ్రితో ముందే ఒప్పందం కుదరాలి. పెట్టుబడి, శ్రమ, దిగుబడి, అమ్మకం అన్నీ జమాఖర్చుల పుస్తకంలో రాయాలి. తరగతిలో పాఠం ఆ పనికి అవసరమైన క్రమంలో నడవాలి. ఉపాధ్యాయుడు వేసవి సెలవులలో సైతం ఇంటింటికీ తిరిగి చూడాలి. 'గృహ ప్రణాళిక' అని చెప్పదగిన ఈ పద్ధతిని వివరిస్తూ ఆయన రాసిన పుస్తకాన్ని 1914లో కేంద్ర విద్యా విభాగమే ప్రచురించింది.

ఈ పద్ధతిలో దాగిన ఒక విశేషం సులభంగా కంటికి ఆనదు. పాఠశాలకు పొలం అవసరం లేదు కనుక ఏ సాధారణ ఉన్నత పాఠశాల అయినా ఒక ఉపాధ్యాయుణ్ణి నియమించుకుని వ్యవసాయం బోధించవచ్చు. ప్రత్యేక పాఠశాలల ఖర్చు తప్పింది. తరువాతి కాలంలో ఈ విద్య దేశమంతటా వ్యాపించడానికి సిద్ధాంతాల కంటె ఈ చౌకదనమే ఎక్కువ తోడ్పడిందని చెప్పవచ్చు. అదే సమయంలో ఇంటి దగ్గర పొలం ఉండడమన్నది విద్యార్హతగా మారింది.

చట్టం, దాని స్వభావం

1914లో కేంద్ర ప్రభుత్వం వృత్తివిద్యకు సహాయంపై ఒక కమిషన్‌ను నియమించింది. దానికి జార్జియా సెనేటర్ హోక్ స్మిత్ అధ్యక్షుడు. ప్రతినిధుల సభలో బిల్లు పెట్టిన డడ్లీ హ్యూస్ కూడా జార్జియా వాడే. చట్టం రూపకల్పనలో ముఖ్యపాత్ర వహించినవాడు చార్లెస్ ప్రాసర్. మసాచుసెట్స్ విద్యా కమిషనర్ డేవిడ్ స్నెడెన్ దగ్గర పని చేసినవాడు. స్నెడెన్, ప్రాసర్‌లది ఒకటే మాట: వృత్తివిద్య సామాన్య విద్యకు అనుబంధంగా ఉంటే పలచబడిపోతుంది, కనుక దానికి వేరే నిధులు, వేరే పాలన, వేరే లక్ష్యం ఉండాలి. తత్త్వవేత్త జాన్ డ్యూయీ 1915లో 'న్యూ రిపబ్లిక్' పత్రికలో స్నెడెన్‌తో వాదానికి దిగాడు. వృత్తుల ద్వారా విద్య నేర్పడానికి డ్యూయీ వ్యతిరేకి కాదు, నిజానికి ఆయన దానికి పెద్ద సమర్థకుడు. ఆయన భయం వేరు. పిల్లలను పద్నాలుగేళ్లకే రెండు దారులుగా చీల్చితే, ఉన్న ఆర్థిక వ్యవస్థకు తగిన పనివారిని తయారు చేయడమే బడి పని అవుతుందని, ఆ వ్యవస్థను ప్రశ్నించగల పౌరులు ఆ దారిలో రారని ఆయన అభిప్రాయం. చట్టంలో గెలిచినది స్నెడెన్, ప్రాసర్‌ల పక్షం.

పద్నాలుగేళ్లు దాటిన వారికి, కళాశాల కంటె తక్కువ స్థాయిలో, సేద్యంలో ఉన్నవారికి లేదా అందులోకి వెళ్లబోయేవారికి ఈ విద్య అందాలని చట్టం నిర్దేశించింది. సంవత్సరంలో కనీసం ఆరు నెలల పాటు పాఠశాల పొలంలోనో మరొక పొలంలోనో పర్యవేక్షణతో కూడిన ఆచరణ ఉండాలన్నది అతి ముఖ్యమైన నిబంధన. స్టిమ్సన్ ఆలోచన ఆ విధంగా దేశ శాసనంలో భాగమైంది. వ్యవసాయోపాధ్యాయుల జీతాలకు మొదటి ఏడాది 5 లక్షల డాలర్లు, క్రమంగా పెరిగి 1926 నాటికి 30 లక్షల డాలర్లు కేంద్రం కేటాయించింది. రాష్ట్రాల గ్రామీణ జనాభాను బట్టి ఈ సొమ్ము పంచారు. కేంద్రం ఇచ్చే ప్రతి డాలరుకు రాష్ట్రమో స్థానిక సంస్థో మరొక డాలరు కలపాలి. ఉపాధ్యాయుని నియామకం ఏడాదికి పన్నెండు నెలలదిగా మారడం ఇక్కడినుండే రివాజయింది. పంటకాలం బడి సెలవులతో నిమిత్తం లేకుండా సాగుతుంది కదా.

ఎవరి బిడ్డ రైతుబిడ్డ?

హోక్ స్మిత్ జార్జియా గవర్నరుగా ఉండగా 1908లో నల్లజాతి ప్రజల ఓటుహక్కును దాదాపు తుడిచిపెట్టిన రాజ్యాంగ సవరణ జరిగింది. అదే మనిషి పదేళ్లలోపు వ్యవసాయ విద్యకు జాతీయ నిధి తెచ్చాడు. ఈ రెండింటినీ విడదీసి చదివితే చట్టం సగమే అర్థమవుతుంది. నిధుల పంపకం రాష్ట్ర బోర్డుల చేతుల్లో ఉన్నందువల్ల దక్షిణాది రాష్ట్రాలలో అది జాతుల వేర్పాటును అనుసరించింది. నల్లజాతి పాఠశాలలకు వేరే ఉపాధ్యాయులు, వేరే పర్యవేక్షకులు, తక్కువ వనరులు. పైగా దక్షిణాది నల్లజాతి రైతులలో అత్యధికులు కౌలుదారులు, పంటవాటాదారులు. ఏ చెక్కలో ఏ పంట వేయాలో భూస్వామి నిర్ణయించే చోట విద్యార్థి 'సొంత బాధ్యత' అన్నది ఎంతవరకు సాధ్యం? స్టిమ్సన్ మసాచుసెట్స్‌లో ఊహించిన తండ్రి ఒక చిన్న భూయజమాని. పత్తి ప్రాంతపు తండ్రి అటువంటివాడు కాదు.

విద్యార్థి సంఘాల చరిత్రలోనూ ఇదే గీత కనిపిస్తుంది. 1928 నవంబరులో కాన్సాస్ సిటీలో 'ఫ్యూచర్ ఫార్మర్స్ ఆఫ్ అమెరికా' ఏర్పడింది. అందులో చేరలేని నల్లజాతి విద్యార్థులకు వర్జీనియాలో 1927లో మొదలైన సంఘం విస్తరించి, 1935లో టస్కేగీలో 'న్యూ ఫార్మర్స్ ఆఫ్ అమెరికా' పేరుతో జాతీయ సంస్థ అయింది. 1965లో పౌరహక్కుల చట్టాల నేపథ్యంలో రెండూ విలీనమైనప్పుడు రెండో సంస్థలో యాభై వేలకు పైగా సభ్యులు ఉన్నారు. విలీనం అన్న మాట సమానత్వాన్ని ధ్వనించినా, మిగిలిన పేరు, చిహ్నం, నాయకత్వం మొదటి సంస్థవే. ఆడపిల్లల మాటకు వస్తే, జాతీయ స్థాయిలో వారికి 1969 వరకు సభ్యత్వం లేదు. చట్టం వారికి చూపిన దారి గృహవిజ్ఞానం.

1963లో వచ్చిన వృత్తివిద్యా చట్టం ఈ విద్య స్వరూపాన్నే మార్చింది. అప్పటికి అమెరికాలో కమతాలు పెద్దవై, సేద్యం చేసేవారి సంఖ్య బాగా తగ్గింది. పొలానికి వెళ్లబోయే వారికే ఈ విద్య అన్న పాత నియమం సడలి, ఎరువులు, యంత్రాలు, ఆహారశుద్ధి, తోటల పెంపకం వంటి పొలం వెలుపలి వృత్తులకు తలుపు తెరుచుకుంది. రాజేంద్రనగర్‌లో కాన్సాస్ సహకారంతో కొత్త విశ్వవిద్యాలయం రూపుదిద్దుకుంటున్న నాటికి, కాన్సాస్‌లోని ఉన్నత పాఠశాలలో వ్యవసాయ బోధన తన తొలి లక్ష్యాన్ని వదులుకుంటూ ఉన్నది. ఆ దశలో దానిని నమూనాగా చూపడానికి అమెరికన్ సలహాదారులకే పెద్ద ఆసక్తి ఉండకపోవడం సహజం.

భారతదేశంలో: లోణీ, పంజాబు, వార్ధా

అయితే నాలుగో చట్టం రాకపోవడానికి కారణం అమెరికా వైపు మాత్రమే లేదు. భారతదేశానికి ఈ విషయంలో అప్పటికే సొంత అనుభవం ఉన్నది, అదీ చేదు అనుభవం.

కర్జన్ కాలపు 1904 విద్యా తీర్మానం గ్రామీణ పాఠశాల వ్యవసాయాన్ని నేరుగా బోధించరాదని భావించింది. గమనించడం, ఆలోచించడం నేర్పాలి, భూస్వామితోను ధాన్యపు వర్తకునితోను లావాదేవీలలో మోసపోకుండా చూడాలి అన్నంతవరకే దాని ఆశ. వలస ప్రభుత్వపు పత్రంలో వర్తకుడినీ భూస్వామినీ ప్రస్తావించడం కొంత ఆశ్చర్యమే. ఆ తరువాత రెండు నమూనాలు పోటీపడ్డాయి. పూనా దగ్గరి లోణీలో 1914లో మొదలైనది ఒకటి: రైతు బిడ్డల కోసం ప్రత్యేక వసతి పాఠశాల, మాతృభాషలో బోధన, పొలంలో పని. రెండోది పంజాబు పద్ధతి: సాధారణ దేశభాషా మాధ్యమిక పాఠశాలలోనే ఒక పాఠ్యాంశంగా వ్యవసాయం, పక్కనే ఒక చిన్న పొలమో తోటో. లిన్‌లిత్‌గో అధ్యక్షతన 1926లో ఏర్పడి 1928లో నివేదిక ఇచ్చిన రాయల్ వ్యవసాయ కమిషన్ ఈ రెండింటినీ తూచి, పంజాబు పద్ధతి వైపే మొగ్గింది. లోణీ తరహా పాఠశాలలు ఖర్చుతో కూడినవి, ఎన్ని పెట్టినా కొద్దిమందికే అందుతాయి. గమనించవలసింది ఏమంటే, ఇది అలబామా, జార్జియాల ప్రత్యేక పాఠశాలలకూ సాధారణ ఉన్నత పాఠశాలకూ మధ్య అమెరికాలో జరిగిన పోటీకి దగ్గరి చుట్టం. కాని పంజాబు పద్ధతిలో ఆచరణ బడి పొలం దగ్గరే ఆగింది, విద్యార్థి ఇంటి పొలానికి చేరలేదు. స్టిమ్సన్ వదిలించుకున్న సమస్యనే అది భద్రంగా నిలుపుకుంది.

1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా సమావేశం, ఆ వెంటనే వచ్చిన జాకిర్ హుస్సేన్ సంఘం నివేదిక ఈ చర్చను మరొక తలానికి తీసుకువెళ్లాయి. వ్యవసాయం మూలవృత్తులలో ఒకటయింది. దినచర్యలో అయిదున్నర గంటలకు మూడు గంటల ఇరవై నిమిషాలు వృత్తికే. లెక్కలు, భూగోళం, ప్రకృతి పాఠం ఆ వృత్తి నుండే పుట్టాలి. డ్యూయీ కోరినది ఇంచుమించు ఇదే. ఇక్కడ వయసు లెక్క ముఖ్యం. మౌలిక విద్య ఏడేళ్లకు మొదలై పద్నాలుగేళ్లకు ముగుస్తుంది. స్మిత్-హ్యూస్ విద్య పద్నాలుగేళ్లకు మొదలవుతుంది. ఒకటి ముగిసినచోట రెండోది ప్రారంభమవుతుంది కనుక రెండింటినీ కలిపి ఒక నిచ్చెనగా కట్టే అవకాశం సిద్ధాంతరీత్యా ఉండేది. స్వాతంత్ర్యానంతర విద్యావిధానంలో ఆ నిచ్చెన కట్టే పని ఎవరూ చేపట్టలేదు. మౌలిక విద్యను కోరినవారు ఉన్నత పాఠశాలను పట్టణపు వ్యవహారంగా చూశారు, ఉన్నత పాఠశాలను నడిపినవారు మౌలిక విద్యను పల్లెలకు తగిన తక్కువ సరుకుగా చూశారు.

బహుళార్థ పాఠశాల నుండి కొఠారీ వరకు

మద్రాసు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన 1952-53లో పని చేసిన మాధ్యమిక విద్యా కమిషన్ ఉన్నత పాఠశాలలోకి వ్యవసాయాన్ని తెచ్చే గట్టి ప్రయత్నం చేసింది. బహుళార్థ పాఠశాలలలో విద్యార్థి ఎంచుకోదగిన ఏడు విభాగాలలో వ్యవసాయం ఒకటి. గ్రామీణ పాఠశాలలన్నిటా వ్యవసాయ బోధనకు ప్రత్యేక వసతులు ఉండాలని, తోటల పెంపకం, పశుపోషణ, కుటీర పరిశ్రమలు దానికి తోడు కావాలని కమిషన్ సూచించింది. కాగితం మీద ఇది మన స్మిత్-హ్యూస్ చట్టానికి అతి సమీపంగా వచ్చిన ఘట్టం. లోపించినవి రెండు. ఒకటి, ఉపాధ్యాయుని జీతానికి కట్టుబడిన ప్రత్యేక శాశ్వత నిధి. రెండు, ఇంటి పొలంలో ఆరు నెలల ఆచరణ వంటి నిబంధన. ఇవి లేనప్పుడు వ్యవసాయం మరొక పాఠ్యపుస్తకంగా మిగులుతుంది. అదీగాక 1952 అక్టోబరు 2న ప్రారంభమైన సమాజ వికాస పథకంతో వ్యవసాయ పట్టభద్రునికి బ్లాకు స్థాయిలో విస్తరణాధికారి ఉద్యోగం ఎదురుచూస్తున్నది. అటువంటివాడు పల్లెటూరి బడిపంతులుగా చేరడానికి ఏ ఆకర్షణా లేదు.

1966లో వెలువడిన కొఠారీ కమిషన్ నివేదిక తలుపు మూసింది. ప్రాథమిక, మాధ్యమిక తొలి దశలలో వ్యవసాయాన్ని సంకుచిత వృత్తివిద్యగా నేర్పే ప్రయత్నాలు విఫలమైనాయని, అటువంటివి ఇకపై ఆపివేయాలని అది స్పష్టంగా చెప్పింది. దానికి బదులు అందరికీ సాధారణ విద్యలో భాగంగా వ్యవసాయ దృష్టి, 'పని అనుభవం' ఉండాలి. పదో తరగతి తరువాత వ్యవసాయ పాలిటెక్నిక్‌లు కావాలి. ఈ నిర్ణయాన్ని కేవలం నిరాశగా చదవడం పొరపాటు. రైతు కొడుకు రైతే కావాలన్న ఊహను పాఠశాల శాసించరాదన్న ప్రజాస్వామిక వివేకం అందులో ఉన్నది. కులవృత్తి నుండి బయటపడే దారిగా బడిని చూసిన కుటుంబాలకు 'వ్యవసాయ విభాగం' అన్నది మళ్లీ పొలంలోకి తోసే ఎత్తుగడగా తోచడంలో వింత లేదు. పాలేరు కొడుక్కి అక్షరం అంటే పాలేరుతనం నుండి విముక్తి. డ్యూయీ భయాన్ని కొఠారీ కమిషన్ తనదైన దారిలో గౌరవించిందనే అనాలి.

కాని అందుకు చెల్లించిన మూల్యం కూడా తక్కువది కాదు. చదువు మానకుండానే పొలంలో నిలిచిన, నిలవవలసివచ్చిన లక్షలాది పిల్లల పనికి బడిలో ఏ గుర్తింపూ లేకపోయింది. నాట్లు, కలుపు, కోత రోజులలో బడి మానిన పిల్ల హాజరు పట్టీలో గైర్హాజరు మాత్రమే. ఆమె చేతిలో ఉన్న జ్ఞానం ఏ పరీక్షలోనూ ప్రశ్న కాలేదు. తెలుగు జిల్లాలలో నారుమడి పని, కలుపుతీత ప్రధానంగా స్త్రీల పనులే అయినా, 'రైతు' అన్న మాట పాఠ్యపుస్తకంలో ఎక్కువగా పురుషుని బొమ్మతోనే వచ్చింది. అమెరికాలో ఆడపిల్లలను నియమం బయట నిలిపింది, ఇక్కడ ఆ పని చేయడానికి నియమమే అక్కరలేకపోయింది.

తరువాతి కథ

1986 జాతీయ విద్యావిధానం, 1988లో మొదలైన కేంద్ర పథకం ఇంటర్మీడియట్ స్థాయిలో వృత్తివిద్యకు ఊపునిచ్చాయి. హయ్యర్ సెకండరీ విద్యార్థులలో 1990 నాటికి 10 శాతం, 1995 నాటికి 25 శాతం వృత్తి కోర్సులలోకి రావాలన్న లక్ష్యం నెరవేరలేదు. 2020 విధానం ఆరో తరగతి నుండే వృత్తుల పరిచయం అంటున్నది. ఏ సంస్కరణలోనూ విద్యార్థి సొంత చెక్క, సొంత లెక్క, ఇంటికి వచ్చే ఉపాధ్యాయుడు అన్న మూడూ కలిసి కనిపించవు.

ఆ మూడింటికి దగ్గరగా వచ్చే ఏర్పాటు మన దగ్గర డిగ్రీ స్థాయిలో ఉన్నది. వ్యవసాయ పట్టభద్ర విద్యార్థులను చివరి సంవత్సరంలో గ్రామానికి పంపి, ఒక రైతుకు జతచేసి, పంటకాలమంతా ఆ పొలం పనిలో పాల్గొనేటట్లు చేసే గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం అది. స్టిమ్సన్ విద్యార్థి తన తండ్రి పొలంలో నిర్ణయం తీసుకోవడం నేర్చాడు. మన విద్యార్థి మరొకరి పొలంలో మరొకరి నిర్ణయాన్ని గమనించి నివేదిక రాస్తాడు. రెండూ విలువైనవే, కాని ఒకటి కావు.

కొఠారీ సూచించిన దారిలో నడిచినవి పాలిటెక్నిక్‌లు. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, 2014 తరువాత తెలంగాణలో ఆచార్య జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పదో తరగతి చదివిన గ్రామీణ విద్యార్థులకు రెండేళ్ల డిప్లొమాను నడుపుతున్నాయి. కమిషన్ దృష్టిలో ఇది మధ్యస్థాయి వృత్తి నిపుణులను తయారు చేసి పల్లెకు పంపే విద్య. వాస్తవంలో డిప్లొమా పూర్తి చేసిన వారికి బి.ఎస్సీ. వ్యవసాయంలో ప్రవేశం కల్పించే అగ్రిసెట్ పరీక్ష ఉన్నది, దానికోసం ఏటా గట్టి పోటీ ఉన్నది. పొలానికి దించుతుందని కట్టిన మెట్టును పల్లె పిల్లలు విశ్వవిద్యాలయానికి ఎక్కే మెట్టుగా వాడుకుంటున్నారు.